సెకనుకు ఎనిమిది వేలు

పాత టెలికాం పుస్తకాల్లో వేగం ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉంటుంది. నిమిషానికి ఇన్ని మాటలు అంటారు, ఇన్ని బాడ్‌లు అంటారు, ఇన్ని చానళ్లు, ఇన్ని ఈ1లు అంటారు. వాటిని ఇవాళ్టి ఎంబీపీఎస్‌లోకి మార్చమంటే వెంటనే క్యాలిక్యులేటర్ తీయబుద్ధవుతుంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ రోజుల్లో వాళ్లు లెక్కపెట్టింది దేన్ని? మాటలనా, తీగ మీది సంకేతాలనా, బిట్లనా? అది తేలకుండా చేసిన హెచ్చవేత ఎంత సరిగా ఉన్నా జవాబు తప్పే.

తంతి కాలంలో కొలత మాట. మోర్స్ వేగానికి ‘ప్యారిస్’ అనే మాటను ప్రమాణంగా పెట్టుకున్నారు. చుక్క ఒక యూనిట్, గీత మూడు, అక్షరాల మధ్య విరామం మూడు, మాటల మధ్య ఏడు. అన్నీ కలిపితే ఆ ఒక్క మాటకు సరిగ్గా 50 యూనిట్లు. నిమిషానికి 20 మాటలు కొట్టే ఆపరేటర్ సెకనుకు దాదాపు 16.7 యూనిట్లు పంపినట్టు. చేయి తిరిగిన మనిషి వేగం అంతే.

యంత్రం వచ్చాక లెక్క మారింది. ఫ్రాన్స్‌లో ఎమిల్ బోదో 1874లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలో ప్రతి అక్షరానికీ అయిదు సంకేతాలు. ఆయన పేరు మీదే సెకనుకు ఒక సంకేతాన్ని బాడ్ అన్నారు. తర్వాత టెలెక్స్ యంత్రాలు 50 బాడ్ మీద స్థిరపడ్డాయి. ఒక్కో సంకేతానికి 20 మిల్లీసెకన్లు. అక్షరం మొదలైందని చెప్పడానికి ఒక సంకేతం, అక్షరానికి అయిదు, ముగిసిందని చెప్పడానికి ఒకటిన్నర: మొత్తం ఏడున్నర. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘క్షేమం’ అని కొట్టాలంటే ఏడు మీటలు నొక్కాలి, తీగ మీద సెకను పైన కొంచెం పడుతుంది. అందులో అసలు సమాచారం 35 బిట్లు మాత్రమే. అంటే 50 బాడ్ టెలెక్స్ నికర వేగం సెకనుకు 33 బిట్ల చిల్లర. అదే మాటను ఇప్పుడు ఫోన్‌లో తెలుగు లిపిలో పంపితే, యూటీఎఫ్-8 పద్ధతిలో ఆరు సంకేతాక్షరాలకు 18 బైట్లు, 144 బిట్లు. కబురు ఒకటే, బిట్లు నాలుగింతలు! పాత లైన్లు ఎంత పని చేశాయో బిట్ల లెక్క ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని నేననడం అందుకే.

మోడెమ్‌ల దగ్గర గందరగోళం ఇంకా పెరిగింది. బెల్ 103 మోడెమ్‌కు 300 బాడ్ అంటే 300 బీపీఎస్సే, పేచీ లేదు. బెల్ 212ఏ సెకనుకు 600 సంకేతాలే పంపినా ఒక్కో దానిలో రెండు బిట్లు మోసింది, కాబట్టి 1,200 బీపీఎస్. 9,600 బీపీఎస్ ఇచ్చిన వీ.32 తీగ మీద పంపింది 2,400 బాడ్. ప్రకటనల్లో మాత్రం ‘9,600 బాడ్ మోడెమ్’ అనే రాశారు. ఆ మాట కనబడితే బీపీఎస్ అని దిద్దుకుని చదవాలి.

అసలు మలుపు మనిషి గొంతు దగ్గర ఉంది. అలెక్ రీవ్స్ 1938లో శబ్దాన్ని అంకెలుగా మార్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. టెలిఫోన్‌కు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు చాలు, కొంచెం ఎడం వదిలి 4,000 అనుకున్నారు. హ్యారీ నైక్విస్ట్ పరిశోధనల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం దానికి రెట్టింపు, సెకనుకు 8,000 సార్లు నమూనా తీయాలి. నమూనాకు 8 బిట్లు. 64 కేబీపీఎస్ పుట్టింది ఇక్కడే.

అమెరికాలో 1962లో వచ్చిన టీ1 ఇలాంటి 24 గొంతుల్ని రెండు జతల తీగల మీద కట్టింది. 24 ఎనిమిదులు 192, హద్దు గుర్తించడానికి ఇంకో బిట్, మొత్తం 193. దాన్ని 8,000తో హెచ్చిస్తే 1.544 ఎంబీపీఎస్. యూరప్ 32 గదులు పెట్టుకుంది, 2.048 ఎంబీపీఎస్, అదే ఈ1. మన దేశం ఈ దారి పట్టింది. అందుకే ఆఫీసుకు తీసుకునే పీఆర్ఐ లైన్ మీద, నిర్వహణకు పోయే గదులు తీసేస్తే, అమెరికాలో ఒకేసారి 23 కాల్స్ నడిస్తే హైదరాబాద్‌లో 30 నడుస్తాయి. 56కే మోడెమ్ కూడా ఈ కుటుంబమే: సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కోదానిలో నమ్మకంగా వాడుకోగల బిట్లు ఏడు.

1995 ఆగస్టు 15న మన దేశంలో వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తెరిచినప్పుడు డయలప్ వేగం 9.6 కేబీపీఎస్. 2004 విధానం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ అంది, అంటే నాలుగు టెలిఫోన్ గొంతులు. 2013లో అది 512 అయింది, 2023లో 2 ఎంబీపీఎస్. ఒకప్పుడు 30 మంది మాట్లాడుకున్న ఈ1 ఇప్పుడు ఒక్క ఇంటికి కనీస హద్దు!

ఈ1లను మూటగట్టే ఎస్‌టీఎం-1 వేగం 155.52 ఎంబీపీఎస్. దానిలో 63 ఈ1లు పడతాయి. 63ను 2.048తో హెచ్చిస్తే 129 చిల్లరే వస్తుంది, మిగతాది నిర్వహణ ఖర్చు. ఇంటికి ఫైబర్ తెచ్చే జీపాన్ వేగం 2,488.32 ఎంబీపీఎస్, సరిగ్గా 16 ఎస్‌టీఎం-1లు. దాని ఫ్రేములు ఇప్పటికీ సెకనుకు 8,000.

ఈథర్నెట్ ఈ వంశానికి చెందింది కాదు, కానీ బాడ్ అక్కడా ఎదురవుతుంది. గిగాబిట్ ఫైబర్ మాడ్యూల్ మీద ‘1.25జీ’ అని ఉంటుంది. చూసినవాళ్లు పావు గిగాబిట్ అదనంగా వస్తుందనుకుంటారు. అది తీగ మీది సంకేతాల వేగం: ప్రతి 8 బిట్లకూ 10 సంకేతాలు వెళ్తాయి కాబట్టి డేటాకు దక్కేది 1 గిగాబిట్టే. ఆపైన 1,500 బైట్ల ప్యాకెట్ లైన్ మీద 1,538 బైట్ల చోటు తీసుకుంటుంది, లోపల చిరునామాల వంటివి పోను ఫైలుకు మిగిలేది 1,460, ఒక్కోసారి 1,448. స్పీడ్ టెస్ట్ 940 ఎంబీపీఎస్ దగ్గర ఆగితే కంప్లైంట్ ఇవ్వక్కర్లేదు. ఎనిమిదితో భాగించండి, ఫైలు దిగే వేగం సెకనుకు 117 మెగాబైట్ల పైచిలుకు. ఆ లైన్ ఇవ్వగలిగింది అంతే.