గుండ్రాడా ఎవరి కుమార్తె?

క్రీ. శ. 1066 లో నార్మండీ ప్రభువగు విలియము హేస్టింగ్సు యుద్ధమున జయించి ఇంగ్లండునకు రాజయ్యెను. చరిత్రలో ఆతనికి ‘విజేత’ యను బిరుదము నిలిచినది. ఆ యుద్ధమున ఆతని పక్షమున పోరాడిన నార్మన్ సామంతులలో వారెన్ వంశీయుడగు మరియొక విలియము కలడు. ఈ వారెన్ ప్రభువు భార్య గుండ్రాడా. ఈ దంపతులు ససెక్సు సీమలోని లూయిస్ పట్టణమున నొక క్రైస్తవ మఠమును స్థాపించిరి. ఫ్రాన్సు దేశమందలి క్లూనీ సంప్రదాయమునకు చెందిన మఠములలో ఇంగ్లండున ఇదియే మొదటిది. గుండ్రాడా 1085 మే 27 వ తేదీన కాసిల్ ఏకర్ గ్రామమున ప్రసవ సమయమున మరణించెను. ఆమెను లూయిస్ మఠముననే సమాధి చేసిరి.

ఈమె విజేత విలియమునకును, ఆతని రాణి మటిల్డాకును పుట్టిన బిడ్డ యని బహుకాలము లోకము విశ్వసించినది. ఈ విశ్వాసమునకు ఆధారము లూయిస్ మఠమున భద్రపరచిన దానపత్రములు. వాల్టన్ గ్రామమును మఠమునకు ధారపోయుచు రాజు వ్రాయించిన పత్రమున గుండ్రాడాను రాజు తన కుమార్తెగా పేర్కొనినట్లున్నది. మఠమువారు చూపిన వేరొక పత్రమున వారెన్ ప్రభువు మటిల్డా రాణిని తన భార్యకు తల్లిగా చెప్పినట్లున్నది. రాజముద్రతో వెలసిన మాటను కాదనువా రెవ్వరు?

అయినను వాల్టన్ దానపత్రమును పరిశీలించిన పండితులకు కుమార్తె యను ఆ మాట తరువాతి కాలమున వేరొకరు చేర్చినదిగా తోచినది. కచేరీ దస్త్రములతో నిత్యము మెలగువారికి దీని భావము వేరుగా చెప్పనక్కరలేదు. పొడి సంతకము లేని చేర్పును ఏ అధికారియు అంగీకరింపడు. తమ మఠమును నిలిపిన పుణ్యాత్మురాలు రాచబిడ్డ యని చెప్పుకొనుటలో మఠమువారికి గల గౌరవలాభమును గూడ గమనింపవలెను.

1846 లో స్టేపుల్టన్ అను పండితుడు ఒక మధ్యేమార్గమును ప్రతిపాదించెను. మటిల్డా విజేతను పెండ్లాడుటకు పూర్వమే ఫ్లాండర్సు దేశీయుడగు గెర్బోడు అనువానికి భార్యయై యుండెననియు, గుండ్రాడా ఆ మొదటి వివాహమున జనించిన దనియు ఆతని వాదము. అప్పుడామె రాజునకు కుమార్తె గాకున్నను, రాణికి కుమార్తె యగును.

ఈ రెండు వాదములను కూల్చినది గుండ్రాడా పేరైనను లేని యొక లేఖ. విజేత కుమారుడగు మొదటి హెన్రీ 1100 లో సింహాసన మెక్కెను. ఆతడు తన కుమార్తె నొకతెను గుండ్రాడా కుమారుడగు రెండవ వారెన్ ప్రభువునకు ఇచ్చి పెండ్లి చేయ సంకల్పించెను. కాంటర్‌బరీ ధర్మాధ్యక్షుడగు ఆన్సెల్ము, వధూవరులు ఒకవైపున నాలుగవ తరమున, మరియొకవైపున ఆరవ తరమున బంధువు లగుదురనియు, అట్టి వివాహము ధర్మవిరుద్ధ మనియు రాజునకు వ్రాసెను. ఏడు తరముల లోపలి బంధువులకు వివాహము కూడదని ఆనాటి క్రైస్తవ శాసనము.

గుండ్రాడా హెన్రీకి తోబుట్టువే యైనచో, వరునకు వధువు సాక్షాత్తు మేనమామ కూతురు! ఆంధ్రులకు మేనరికము మంగళప్రదమే. ఆన్సెల్మునకు మాత్ర మది ఘోరమైన దోషము. ఆమె ఏకోదరి యైనను, మటిల్డా యొక్క మొదటి భర్త కుమార్తె యైనను ఈ బంధుత్వము మారదు. అంతటి దగ్గరి చుట్టరికము కన్నులయెదుట నుండగా, దానిని విడిచి నాలుగవ తరమును, ఆరవ తరమును లెక్కించి ఏ ధర్మాధ్యక్షుడు చూపును? తన గ్రంథమున పూర్వము స్టేపుల్టన్ వాదమునే స్వీకరించిన చరిత్రకారుడు ఫ్రీమన్, 1888 లో దానిని విడనాడి, గుండ్రాడా రాజునకు గాని రాణికి గాని కుమార్తె కాదని ప్రకటించెను.

అట్లయిన ఆమె పుట్టినిల్లు ఏది? నార్మండీలో చరిత్ర రచించిన ఆర్డెరిక్ విటాలిస్ ఆమెను గెర్బోడు సోదరి యని స్పష్టముగా వ్రాసియున్నాడు. ఈతడు స్టేపుల్టన్ చెప్పిన గెర్బోడు గాక, అదే పేరుగల తరువాతి తరమువాడు. 1070 ప్రాంతమున విజేత ఈతనికి చెస్టరు సీమ నొసగెను. ఈతడు అచ్చట నిలువక ఫ్లాండర్సునకు మరలిపోయి శత్రువులకు బందీ యయ్యెను. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథమున, ఫ్రెడరిక్ అనువాని భూములు పెక్కు వారెన్ ప్రభువు వశమున నున్నట్లు కలదు. ఈ ఫ్రెడరిక్ గుండ్రాడాకు మరియొక సోదరు డని పండితుల మతము.

1845 లో రైలుమార్గమునకై లూయిస్ మఠపు నేల త్రవ్వుచుండగా రెండు చిన్న సీసపు పెట్టెలు బయల్పడినవి. అందు దంపతుల అస్థికలున్నవి. ఒక పెట్టెపై గుండ్రాడా పేరు, రెండవదానిపై విలియము పేరు చెక్కబడియున్నవి. అవి నేడు సౌతోవరు దేవాలయమున నున్నవి. పెట్టెపై రాచవంశ ప్రశస్తి లేదు, పేరు మాత్రమే కలదు. రాచబిడ్డ యను కల్పిత గౌరవము తొలగుటచే ఆమెకు కలిగిన లోటు లేదు. ఆ గౌరవము చాటున మరుగుపడిన తోబుట్టువులు ఆమెకు మరల దక్కిరి.