సిరా, మొహరు, స్టెన్సిలు: మన సీమలో కాగితపు పని కథ

మన సంఘం సావనీరులో విద్య గురించి, ఉద్యోగాల గురించి, దీన్ విషయాల గురించి పెద్దలు వ్రాస్తూ ఉంటారు. మేము ఈ వ్యాసంలో కాగితం గురించి, దాని పైన పడే సిరా, మొహరు, స్టెన్సిలు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. "కాగితానికి చరిత్ర యేముంటుంది మాస్టరుగారూ" అనేవాళ్ళున్నారు. కాగితం, దఫ్తరు, దస్తావేజు, నకలు, మొహరు - తెలుగువారు రోజూ వాడే ఈ మాటలు పారసీ, అరబ్బీ భాషల నుండి వచ్చినవే. మాటలు ఊరికే రావు, పనితోబాటు వస్తాయి. ఆ పని తెలిసిన చేతులు మన దక్కనులో ఉండినవి.

సెలవుల్లో పిల్లలచేత చేతి కాగితం పైన రంగులు అద్దిస్తే "ఏదో ఆటలే" అనుకుంటాము. అది ఆట మాత్రమే కాదు. ఏ సిరా నిలుస్తుంది, ఏది వెలిసిపోతుంది, ఏది కాగితాన్నే తినివేస్తుంది అన్న సంగతులు మన పూర్వులు వందల ఏండ్లు ప్రయోగాలు చేసి తెలుసుకున్న ఇల్ము. ఆ ఇల్ము మరిచినందున మన ఇండ్లలోని సనదులు, నికాహ్‌నామాలు, మసీదు లెక్కలు మన కళ్ళ ముందే పాడయిపోతున్నవి. అందుకే ఈ ప్రయత్నం.

కాగితం

క్రీ.శ. 105 లో త్సాయ్ లున్ అనే ఉద్యోగి కాగితం చేసే పద్ధతిని తన చక్రవర్తికి విన్నవించినాడని చైనా చరిత్రకారులు వ్రాసినారు. 751 లో తలాస్ నది దగ్గర జరిగిన యుద్ధం నాటినుండి ఆ విద్య సమర్‌ఖందులో వేరూనింది. ఎనిమిదో శతాబ్దం ముగియక ముందే బాగ్దాదుకు చేరింది. చైనావారు ముఖ్యంగా చెట్ల బెరడు వాడితే, ముస్లిం దేశాలలో పాత గుడ్డలు, నార, తాళ్ళు వాడినారు. పారేసే చింపిరిగుడ్డ నుండి కితాబు పుట్టడం చిన్న విషయం కాదు.

దక్కనులో దౌలతాబాదు దగ్గర కాగజీపుర అని ఒక ఊరున్నది. 1327 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని అక్కడికి మార్చినప్పుడు తమ పెద్దలు వచ్చినారని ఆ ఊరి కాగజీలు చెప్పుకుంటారు. తెలుగునాట కోరుట్ల (ఇప్పుడు జగిత్యాల జిల్లా) చేతి కాగితానికి పేరుపడ్డ ఊరు.

పని ఇట్లా జరిగేది. పాత గుడ్డలు, జనపనార తాళ్ళు, గోనె పీలికలు నానబెట్టి, సున్నం కలిపి, దంచి, మళ్ళీ కడిగి, మెత్తని గుజ్జు చేసేవారు. ఆ గుజ్జును తొట్టి నీళ్ళలో కలిపి, గడ్డిపుల్లలతో అల్లిన చాపను చట్రంలో బిగించి, నీళ్ళలో ముంచి పైకెత్తేవారు. నీళ్ళు జారిపోయి చాప మీద పలుచని పొర నిలిచేది. ఆ పొరను ఒత్తి, గోడకు అంటించి ఆరబెట్టేవారు.

ఇంతటితో కాగితం పూర్తికాదు. ఆ పచ్చి కాగితం మీద కలం పెడితే సిరా అద్దుడు కాగితం మీద పాకినట్లు పాకుతుంది. అందుకని బియ్యపు గంజో గోధుమ గంజో పూసి ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్దేవారు. గంజి పూతను ఉర్దూలో ఆహార్ అంటారు, రుద్దే రాయిని మొహ్రా అంటారు. రుద్దిన కాగితం మీద కలం వెన్న మీద నడిచినట్లు నడుస్తుంది. పిల్లలు రంగులు అద్దేటప్పుడు అంచులు చెదిరిపోతున్నవంటే తప్పు రంగుది కాదు, గంజి చాలలేదని అర్థం.

పందొమ్మిదో శతాబ్దంలో మిల్లు కాగితం వచ్చింది. చెక్క గుజ్జుతో, పటిక, రాళముల పూతతో చేసిన ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది. చవక సరే, కాని యాభై అరవై ఏండ్లకే పసుపు పచ్చనై, మడత దగ్గర అప్పడం మాదిరి విరుగుతుంది. గుడ్డపీలికల కాగితం మూడు నాలుగు వందల ఏండ్లు నిలిచింది. అయినా ధరలో ఓడి, కాగజీలు పని వదిలినారు. 1934 లో గాంధీజీ వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు చేతి కాగితాన్ని కూడా అందులో చేర్చి, ఆరిపోతున్న దీపానికి కాస్త నూనె పోసినారు.

ముడిసరుకు మాటకొస్తే మన ప్రాంతానికి కరువు లేదు. ఆదోని పత్తికి పేరుమోసిన బజారు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్పగారు 1938 లో స్థాపించిన చేనేత సహకార సంఘంతో ఈ ఊరి దుప్పట్లకు, తువాళ్ళకు పేరు వచ్చింది. మగ్గాల క్రింద రాలే నూలు పోగులు, దర్జీ కొట్లలో మిగిలే నూలుగుడ్డ ముక్కలు మంచి కాగితానికి మొదటిరకం సరుకు. మనం వాటిని ఊడ్చి పారేస్తున్నాము.

సిరా

పాతకాలపు సిరాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది మసి సిరా. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసిని తుమ్మజిగురు నీళ్ళతో గంటల తరబడి నూరి చేసేవారు. మసి అంటే శుద్ధమైన బొగ్గు. దానికి ఎండా లేదు, కాలమూ లేదు. నాలుగు వందల ఏండ్ల నాటి కితాబులలో అక్షరం నిన్న వ్రాసినట్లుంటుంది. కాని తడి తగిలితే జిగురు కరిగి అక్షరం లేచిపోతుంది. పూర్వం మదరసాలలో పిల్లలు తఖ్తీ కడిగి మళ్ళీ వ్రాసుకోగలిగింది ఈ గుణం వల్లనే.

రెండవది కరక్కాయ సిరా. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నలుపు పుడుతుంది. మేము బడిలో దీన్ని చేయించి చూపినాము. వ్రాసినప్పుడు అక్షరం పాలిపోయి ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. పిల్లలకు అది గారడీ అనిపిస్తుంది. ఇది కాగితంలోకి ఇంకి పట్టుకుంటుంది గనుక కడిగితే పోదు. కాని అన్నభేది పాలు ఎక్కువైతే కొన్నేండ్లకు అక్షరం ఉన్నచోట కాగితం కాలినట్లయి చిల్లులు పడుతుంది. కనుక మసి సిరా పత్రాన్ని తడి నుండి, కరక్కాయ సిరా పత్రాన్ని తేమతోబాటు మడతల నుండి కూడా కాపాడవలసియున్నది.

రంగులలో ఎరుపుకు ఇంగిలీకం, నీలానికి నీలిమందు, పసుపుకు హరిదళం వాడినారు. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో పాషాణం ఉన్నవి కాబట్టి పిల్లల చేతికి ఇవ్వరాదు. వంటింటి పసుపు వాడవచ్చు గాని ఎండకు తొందరగా వెలిసిపోతుంది. నీలిమందు చాలాకాలం నిలుస్తుంది.

మొహరు

దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు పరదేశపు రాజులకు లేఖలు పంపదలచినప్పుడు, మొహరు లేని లేఖను వారు చదవరని కొందరు విన్నవించినారు. అప్పుడు వారు వెండి ఉంగరం చేయించి, దానిపైన ముహమ్మద్, రసూల్, అల్లాహ్ అనే మూడు మాటలు మూడు వరుసలలో చెక్కించిన సంగతి హదీసులలో కలదు. తరువాతి కాలంలో సుల్తానులు, ఖాజీలు, జాగీరుదారులు అందరూ మొహర్లు చేయించుకున్నారు. అకీకు రాయి మీదనో లోహం మీదనో అక్షరాలను అద్దంలో కనిపించినట్లు తిరగవేసి చెక్కేవారు. చాలా మొహర్లలో హిజ్రీ సంవత్సరం కూడా ఉంటుంది. అందువలన తేదీ లేని పత్రానికి సైతం మొహరును బట్టి కాలం చెప్పవచ్చు.

ఇది పుస్తకాల కబురు కాదు. 1800 లో నిజాం ఆదోనితో సహా ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తం చేసినాడు. 1858 లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషను వేసి, ఇనాముదారులు, మసీదులవారు, దర్గాలవారు, ఖాజీలు తమ హక్కులు రుజువు చేసుకోవాలన్నది. అప్పుడు మొహరున్న సనదు పెద్ద ఆధారం. ఇప్పటికీ అంతే. 2025 లో వక్ఫ్ చట్టాన్ని సవరించిన తరువాత దస్తావేజుల విలువ మరీ పెరిగింది. నోటిమాట మీద నడిచే కాలం పోయింది.

మరి ఇప్పటి మన మొహర్లో? రబ్బరు స్టాంపు, ఊదారంగు ప్యాడు. ఆ ఊదా ఎక్కువగా పందొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టిన ఎనిలిన్ జాతి రంగు. చూపుకు నిండుగా ఉంటుంది, ఎండ పడే గోడకు కట్టిన ఫ్రేములో కొన్నేండ్లకే మాయమవుతుంది. మూడు వందల ఏండ్ల నాటి మసి మొహరు చదవగలుగుతున్నాము, ముప్ఫై ఏండ్ల నాటి రశీదు మీది స్టాంపు చదవలేకపోతున్నాము.

స్టెన్సిలు

తళ్ళికోట యుద్ధం (1565) తరువాత ఆదోని బిజాపూరు సుల్తానుల చేతికి వచ్చింది. బిజాపూరులో ఇబ్రాహీం ఆదిల్‌షా రెండవవాడు (1580 - 1627) చిత్రకారులను, ఖుష్‌నవీసులను ఎంతో ఆదరించినాడు. పదిహేడో శతాబ్దంలో ఆ రాజ్యంలో కాగితం మీద ఒక వింత పని జరిగింది. దాని పేరు అబ్రీ, అంటే మేఘాలవంటిది. జిగట నీళ్ళ మీద రంగులు చిలకరించి, దువ్వెనతో కదిలించి, ఆ తేలే రంగు పైన కాగితం పరచి ఎత్తితే మేఘాల మాదిరి చారలు దిగుతాయి. ఆ జిగటకు మెంతులు నానబెట్టిన నీళ్ళు కూడా వాడేవారు.

ఇతర దేశాలలో అబ్రీని అంచులకు, అట్టలకు వాడుకున్నారు. దక్కను పనివారు ఇంకో అడుగు వేసినారు. బొమ్మ ఆకారంలో కాగితం కత్తిరించి స్టెన్సిలుగా వాడి, రంగు పడకూడని చోట జిగురు పూసి, గుర్రమూ మనిషీ మేఘపు రంగులలోనే పుట్టేటట్లు చేసినారు. ఎముకలు లెక్కపెట్టదగిన బక్క గుర్రం మీద ఫకీరు పోతున్న అటువంటి బొమ్మ ఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. చేసినవాని పేరు దాని మీద లేదు. మనోళ్ళ పనికి చాలాసార్లు ఇదే గతి. పని మిగిలింది, పేరు మిగల్లేదు.

ఆదోని జామియా మసీదు కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ ఆ రాజ్యంలో పెద్ద సర్దారు, కొంతకాలం బిజాపూరు పాలన నడిపినవాడు. 1688 లో మొగలు సైన్యం ఆదోనిని ముట్టడించి ఫిరంగులు మసీదు వైపు తిప్పగా, దానికి దెబ్బ తగలడం చూడలేక కోట అప్పగించినాడని మన పెద్దలు చెబుతారు. తరువాత బీకనేరు మహారాజా అనూప్ సింగ్ మొగలుల తరఫున ఆదోనిలో అధికారిగా ఉండి 1698 లో ఇక్కడే చనిపోయినాడు. ఆయన గ్రంథప్రియుడు. ఇక్కడ దొరికిన దక్కను చిత్రాలు బీకనేరు కోటకు చేరినవి. బిజాపూరు ఆసార్ మహలులో మిగిలిన కితాబులు 1853 లో లండనుకు పోయినవి. జాగ్రత్త చేసినవారి దగ్గర వస్తువు నిలుస్తుంది. దీనికి ఎవరినీ నిందించి లాభం లేదు.

స్టెన్సిలు కథ కోటతో ఆగలేదు. ఉర్దూ నస్తాలీఖు అక్షరాలు అచ్చు ముక్కలలో ఇమడవు. 1796 ప్రాంతంలో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చు వచ్చినాక, కాతిబు చేతివ్రాతే అచ్చుగా మారింది. 1927 లో మద్రాసులో మొదలయిన "ముసల్మాన్" దినపత్రిక కాతిబుల చేతివ్రాతతోనే దశాబ్దాల తరబడి వెలువడింది. 1881 లో గెస్టెట్నర్ సైక్లోస్టైలు తెచ్చినాడు. నారకాగితానికి మైనం పూసి, దాని మీద ఉక్కు మొనతో వ్రాస్తే మైనం తెగుతుంది. ఆ సందుల గుండా సిరా దిగుతుంది. అదీ స్టెన్సిలే. ఉర్దూ మీడియం బడులకు పరీక్ష పేపర్లు, జల్సా కరపత్రాలు దీని మీదనే తయారయ్యేవి. తెలుగు, ఇంగ్లీషుకు టైపు మిషను ఉండేది, ఉర్దూకు మాస్టరు చేయే మిషను. 1981 లో నూరీ నస్తాలీఖు, 1994 లో ఇన్‌పేజ్ వచ్చినాక ఆ చేతులకు సెలవు దొరికింది. సౌకర్యమే, కాదనలేము. కాని ఆ చేతులతోబాటు ఖుష్‌ఖతీ కూడా పోతున్నది.

మనం చేయవలసినది

మొదట ఇంటి పని. పాత దస్తావేజులను లామినేషన్ చేయించరాదు. వేడికి, ప్లాస్టిక్కుకు పాత కాగితం చెడుతుంది, మళ్ళీ విడదీయరాదు. సెలోటేపు అంటించరాదు, ఇనుప పిన్నులు గుచ్చరాదు. సాధ్యమైనంత వరకు మడత విప్పి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని పెట్టెలో ఉంచాలి. ఫోటో తీయించి నకలు వేరేచోట పెట్టాలి. దాదాల కాలపు కాగితం చదవడం రాకపోయినా పారేయవద్దు. చదివేవారు సంఘంలో ఉన్నారు.

రెండవది సంఘం పని. రిజిస్టర్లు మంచి కాగితం మీద, నిలిచే నల్లసిరాతో వ్రాయాలి. స్టాంపుకు కూడా నల్లసిరా ప్యాడు వాడితే మేలు. పదిరూపాయల తేడాకు వంద సంవత్సరాల సాక్ష్యం పోగొట్టుకోరాదు.

మూడవది పిల్లల పని. వేసవిలో ఒక నెల సంఘం హాలులో కాగితపు క్లాసు పెట్టాలని మా విన్నపము. ఖర్చు స్వల్పమే. నూలుగుడ్డ పీలికలు, తొట్టి, జాలీ చట్రం, గంజి చాలు. బెండకాయ కోసి అద్దితే పువ్వు మొహరు అవుతుంది. పాత ఎక్స్‌రే ఫిలిం కడిగి కత్తిరిస్తే గట్టి స్టెన్సిలు అవుతుంది. సిరా చిక్కగా ఉండాలి, గుడ్డముద్దతో పై నుండి తట్టాలి, పలచనయితే అంచు క్రిందికి పాకుతుంది. మీలాదు జెండాలు, ఈద్ కార్డులు, షాదీ రుఖాలు మన పిల్లలే చేయగలరు. ఇంట్లో ఉండి చదువు మానిన ఆడపిల్లలకు నాలుగు రూపాయలు వచ్చే పని కూడా కాగలదు.

అన్నిటికంటే పెద్ద లాభం వేరే ఉన్నది. సిరా నూరిన పిల్లవాడు పాత కాగితాన్ని చూసే చూపు మారుతుంది. మొహరు తిరగవేసి చెక్కిన పిల్ల, నానీ సందూకులో దొరికిన సనదును పొట్లం కట్టడానికి ఇవ్వదు. చరిత్రను కాపాడే ఉద్యోగం ఇదివరకు ఎవరో రాజులు చేసినారు, ఇకపై మన పిల్లలు చేయాలి. అల్లాహ్ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.