మూర్ఛమందు – మూత్రపిండములలో రాయి

మూర్ఛరోగము మానవజాతికి క్రొత్తది కాదు. దానికి తగిన మందు మాత్రము చాలకాలము దొరకలేదు. 1857లో ఆంగ్లవైద్యుడు చార్లెస్ లోకాక్ బ్రోమైడును వాడి గుణము చూపెను. 1912లో ఫినోబార్బిటాలు, 1938లో ఫెనిటాయిను వచ్చినవి. ఆ పిమ్మట వచ్చిన కొన్ని మందులు మూర్ఛను అణచుచునే, కొందరి మూత్రపిండములలో రాళ్లను పుట్టించినవి. ఆ కథను మనమిప్పుడు స్మరింతము.

1933లో కేంబ్రిడ్జి పరిశోధకులు మెల్డ్రమ్, రఫ్టనులు రక్తమునందలి కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అను ఎంజైమును వర్ణించిరి. సల్ఫనిలమైడు అను మందు దానిని అణచునని 1940లో మాన్, కైలినులు చూపిరి. ఈ దారినే అసిటజోలమైడు పుట్టినది. 1950వ దశకమున అది మూర్ఛకును మందైనది.

అయితే ఆ ఎంజైము మెదడునందే కాక మూత్రపిండములయందును కలదు. మందుకు మన కోరిక తెలియదు గదా! మూత్రపిండములలో ఎంజైము అణగినప్పుడు బైకార్బొనేటు మూత్రముతో వెడలిపోవును. రక్తమున ఆమ్లత హెచ్చును. మూత్రము క్షారగుణము పొందును. కాల్షియమును కరగించి ఉంచెడి సిట్రేటు మూత్రమున తగ్గును. అప్పుడు కాల్షియము ఫాస్ఫేటుతో గూడి రాయిగా పేరుకొనును.

తరువాతి మందులు మూర్ఛను వేరు మార్గములలో అణచినను, ఈ గుణము వానిని పూర్తిగా విడువలేదు. జొనిసమైడు పరీక్షలలో రాళ్లు కనబడుటచే అమెరికాలో దాని అభివృద్ధి నిలిచిపోయెను. జపానులో అది 1989లో అనుమతి పొందెను. అమెరికా 2000లో గాని అంగీకరింపలేదు. మధుమేహమునకు మందు వెదకుచు మేరియనాఫ్, గార్డోకీలు 1979లో తయారుచేసిన టోపిరమేటు, 1996లో అమెరికాలో మూర్ఛమందుగా అనుమతింపబడెను. దాని పరీక్షలలో 2,086 మంది పెద్దలలో 32 మందికి రాళ్లు కలిగినవి. అనగా నూటికి ఒకటిన్నర వంతు.

ఈ లెక్క విని భయపడి, మందును తమంతట తామే మానువారు కలరు. అది రాయికంటె పెద్ద ప్రమాదము. హఠాత్తుగా మానినచో మూర్ఛలు ఎడతెగక వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. పూర్వము రాళ్లు వచ్చినవారు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పవలెను. వైద్యుడు వలదనని యెడల నీరు సమృద్ధిగా త్రాగవలెను. నడుమున నొప్పి గాని, మూత్రమున రక్తము గాని కనిపించినచో ఆలస్యము చేయరాదు. మందు మార్చుటయో, మోతాదు తగ్గించుటయో వైద్యుడే నిర్ణయించును.

మందు చేసిన మేలును, చేయగల కీడును ఒకే పుటలో వ్రాసియుంచిన వారి శ్రద్ధయే ఈ చరిత్రలో మనకు మిగిలిన రక్ష.