అత్తమ్మ వరండా లైటు

బయ్యారంలో ఒక్కతే ఉండే మా అత్తమ్మ చీకట్లో స్విచ్చు వెతుకుతూ జారిపడ్డాక నేను హోమ్ అసిస్టెంట్ నేర్చుకున్నాను. 2013లో పౌలస్ స్కౌట్‌సెన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 1975 నాటి ఎక్స్‌10 అయితే ఇంటి కరెంటు తీగల మీదుగానే లైట్లకు కబురు పంపేది.

మనకిదేం కొత్త కాదండోయ్! కరెంటు రాగానే బావి మోటారు దానంతటదే తిరిగేలా రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకోలేదూ? 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, నీళ్లు వృథా అవుతాయని వాటినే తీసేయమంది సర్కారు.

పొద్దుగూకగానే లైటు వెలగాలని పెట్టాను. మే నెలలో అర్ధరాత్రి దాటాక వెలిగింది! ముందే ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ మార్చి బయ్యారం పెట్టడం మరిచాను. ఇప్పుడు వేళకే వెలుగుతోంది.

"స్విచ్చు మాత్రం తియ్యకు బిడ్డా" అంది అత్తమ్మ.