ప్రథమపాఠకుని ధర్మము

గ్రంథము అచ్చుపడిన పిమ్మట దానిని చదువువారు పలువురు. అచ్చునకు ముందే చదివి, ఇది నిలుచును, ఇది నిలువదు అని చెప్పువారు ఒక్కరో ఇద్దరో. వారికి జీతము లేదు; ముఖపత్రముపై పేరు లేదు. ఐనను గ్రంథముయొక్క మేలుకీడులు చాలవరకు వారి చేతిలో నుండును. అట్టివానిని మేము ప్రథమపాఠకుడని వ్యవహరింతుము. రచయితకును వానికిని నడుమ నుండవలసిన మర్యాద యెట్టిది, వారి పరస్పరవిశ్వాసము దేనిపై నిలుచును అను ప్రశ్న నేడు పుట్టినది కాదు, వేయేండ్లకు పైబడినది.

క్రీ.శ. 900 ప్రాంతమువాడైన రాజశేఖరుడు తన 'కావ్యమీమాంస'లో కవి దినచర్యను యామములుగా విభజించి, పూర్వాహ్ణమున వ్రాసినదానిని నాల్గవ యామమున పరీక్షింపవలెనని విధించెను. రసావేశమున వ్రాయువానికి వివేచనదృష్టి యుండదు గదా! అధికమైనదానిని తీసివేయుట, కొఱవడినదానిని పూరించుట, తప్పుచోట నున్నదానిని మార్చుట, మఱచినదానిని స్మరించుట ఆ పరీక్షలోని పనులు. కవి దీనిని ఒంటరిగా నైనను, కొలదిమంది సభ్యులతో నైనను జరుపవచ్చును. కాని క్రొత్త రచనను ఒకే యొక్కని యెదుట చదువరాదని యాతడే హెచ్చరించెను. విన్నవాడు అది తనదే యని వాదించినచో, ఏ సాక్షిని చూపి వానిని గెలువగలము? ఈ హెచ్చరికలో న్యాయస్థానపు వాసన యున్నది. అట్టి చౌర్యము లాకాలమున జరుగుచుండెననియే మేము తలంచుచున్నాము.

ఆ గ్రంథముననే భావకులు నాలుగు తెఱగులుగా చెప్పబడిరి. ఏదియు రుచింపనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నిటిని మ్రింగువాడు సతృణాభ్యవహారి. మంచిని చూచియు ఓర్వలేనివాడు మత్సరి. తత్త్వమునందే దృష్టి నిలుపువాడు తత్త్వాభినివేశి. వాడు వేయిమందిలో ఒక్కడు దొరకిన దొరకును. ప్రథమపాఠకుని వెదకువాడు ఈ నలువురిని మనసునం దుంచుకొనిన చాలును.

మన తెలుగు వాఙ్మయము ఈ విషయమున గొప్ప శకునముతో ప్రారంభమైనది. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెనిగింప బూనిన నన్నయ, తనకు తోడ్పడిన నారాయణభట్టును కావ్యారంభముననే స్మరించెను. భారతయుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణు డెట్లో, ఈ రచనయందు తనకు నారాయణభట్టు అట్లని చెప్పుకొనెను. ఆ సాయ మెట్టిదో విడమరచి చెప్పలేదు. కాని సాయ మందిన మాటను దాచలేదు. రాజు నారాయణభట్టునకు నందంపూడిని అగ్రహారముగా నిచ్చినప్పుడు, ఆ శాసనమును రచించినవాడు సయితము నన్నయయే. స్నేహితుని ఋణము ఒకచోట కావ్యమునను, మఱియొకచోట రాగిఱేకులమీదను నిలిచినది.

దీనికి సరిగా ఎదురైన కథ యొకటి గలదు. 1656లో అప్పకవి తన లక్షణగ్రంథమున వ్రాసినదాని ప్రకారము, వేములవాడ భీమకవి రాఘవపాండవీయమును నన్నయ అసూయచే రూపుమాపెననియు, అందులకు ప్రతిగా భీమకవి నన్నయ వ్యాకరణమును అడచిపెట్టెననియు ప్రతీతి. నన్నయకు ఆఱువందల యేండ్ల తరువాత చెప్పబడిన ఈ కథను చరిత్రముగా గ్రహింప వలనుపడదు. ఐనను లోకము దీనిని చెప్పుకొనుటలో అర్థమున్నది. కృతజ్ఞతకు మేలుబంతియైన యా నన్నయకే మత్సరి వేషము నంటగట్టినారు. తన వ్రాత పరుని చేతికిచ్చిన ప్రతిరచయిత హృదయమునను ఈ రెండు ముఖములును మెదలుచుండును; చదువువాడు కృష్ణుడగునో, కాల్చివేయువాడగునో!

ఇక మన భాగ్యనగరమునకు వత్తము. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికామండలి ఇచ్చట స్థాపితములైనవి. మండలికి ప్రాణమైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు పరుల గ్రంథములను సంస్కరించుటయందు తన విద్వత్తును ధారపోసిరి. పిదప, తెలంగాణమున తెలుగుకవులు లేరను నిందకు ప్రత్యుత్తరముగా, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. అందు 354 కవుల పద్యములు గలవు. ఆ కవులకు సంపాదకుని మాట తప్ప వేఱు పూచీ లేదు. వారు నమ్మి పంపిరి. ఆయన ఎవరి పద్యమును వారి పేరుతోనే లోకమున కందించెను. ఆ నమ్మకమే లేకున్నచో ఆ నిందకు సమాధానము పుట్టకుండెడిది.

పడమటి దేశమున ఇట్టిదే యొకటి గలదు. 1922లో వెలువడిన ఎలియట్ 'వేస్ట్ లాండ్' కావ్యమును, అచ్చునకు ముందు ఎజ్రా పౌండు నిర్దాక్షిణ్యముగా కత్తిరించెను. పిదప ఎలియట్ ఆ కావ్యమును ఆతనికే అంకితమిచ్చి, తనకంటె నేర్పరియని ప్రకటించెను. ఆ దిద్దుబాటుల ప్రతి 1971లో అచ్చుపడువఱకు, ఆ ఋణ మెంతటిదో లోకమునకు పూర్తిగా తెలియదు. పౌండు ఆ కావ్యమున పాలు కోరలేదు. ఎలియట్ ఋణమును కప్పిపుచ్చలేదు.

నేడు నారాయణగూడనుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగరు వఱకు నడచి చూడుడు. నగర కేంద్ర గ్రంథాలయమున పోటీపరీక్షలకు చదువు యువకులు ఒకరి వ్యాసము నొకరు దిద్దుకొనుచుందురు. వారికి కావలసినది పొగడ్త కాదు, మార్కులు. కావున సతృణాభ్యవహారికి అచ్చట చోటు లేదు. ఆ సమీపముననే పుస్తకావిష్కరణసభలును జరుగుచుండును. వేదికమీద నలుగురు పెద్దలు గ్రంథమును మెచ్చుకొందురు. అందఱు మెచ్చిన గ్రంథమున అచ్చుతప్పులు, పునరుక్తులు, తారుమారైన సంవత్సరములు కనబడునప్పుడు, ఈ పెద్దలలో ఒక్కరైనను దీనిని ముందుగా చదివియుండరాదా యని మాకు ఖేదము కలుగును. అచ్చునకు ముందు లేని పరీక్షను, అచ్చైన పిదప పూలమాల పూరింపజాలదు.

చేతిలోని ఫోను మీటిన చాలు, వ్రాతప్రతి క్షణములో ఎఱుగని పాఠకుని చేరుచున్న కాలమిది. పంపిన తేది, గడియయు నందే నిలుచును గనుక రాజశేఖరుడు కోరిన సాక్షి దొరకినట్లే. కాని సాక్షి చౌర్యమును పట్టియిచ్చునే గాని, సత్యమును పలికింపజాలదు. అందులకు ఇరువురికిని నియమములు కావలెను. రచయిత తనకు కావలసినది భాషాశోధనయో, కథాపరీక్షయో ముందే చెప్పవలెను. పొగడ్తకై పంపి పరీక్ష యనరాదు. పాఠకుడు చెప్పిన గడువులో చదువవలెను. వలనుపడనిచో ఆ మాటయే చెప్పవలెను. అనుమతి లేక మూడవవానికి చూపరాదు. దోషమును చూపవలెను గాని, దానిపై తన గ్రంథమును కట్టరాదు. చెప్పిన ప్రతిమాటను రచయిత అంగీకరింపనక్కఱలేదు. అంగీకరించినదానిని మాత్రము పీఠికలో పేరు పెట్టి చెప్పవలెను.

ఈ కడపటి నియమమే అన్నిటికి మూలమని మా నమ్మకము. నారాయణభట్టు పేరు నేటికిని మన కెఱుక యగుటకు, నన్నయ దానిని దాచకుండుటయే ముఖ్యకారణము. పీఠికలో ఒక్కపంక్తి చోటిచ్చిన రచయితకు మఱునాడు మఱియొక తత్త్వాభినివేశి దొరకును. ఆ పంక్తి నీయని రచయితకు వేదికమీది పెద్దలే మిగులుదురు.