ఓడాలన్న నీయత్‌తో మైదానంలోకి

2020 డిసెంబర్ ఆఖర్లో న్యూజెర్సీ నుంచి మా భాంజా ఫోన్ చేశాడు. పదకొండేళ్ల పిల్లోడు, గొంతులో ఏడుపు. "మామూ, మా టీమ్ గెలిచేసింది" అన్నాడు. కొత్తపట్నంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని వింటున్న నాకు ఒక్క ముక్క సమఝ్ కాలేదు. గెలిస్తే మిఠాయి పంచుకోవాలి గానీ ఏడుపెందుకు?

తర్వాత వాళ్ల అబ్బా తీరిగ్గా చెప్పాడు. వాళ్ల టీమ్ పేరు న్యూయార్క్ జెట్స్. ఆ సంవత్సరం వరసగా 13 మ్యాచ్‌లు ఓడింది. డిసెంబర్ 20న లాస్ ఏంజిలస్ రామ్స్ మీద గెలిచింది, తర్వాతి వారం క్లీవ్‌లండ్ మీద కూడా గెలిచింది. ఆ రెండు గెలుపులతో ఆఖరి స్థానం చేజారి జాక్సన్‌విల్ టీమ్‌కు పోయింది. ఆ స్థానంతో పాటే ట్రెవర్ లారెన్స్ అనే కుర్రాడు కూడా పోయాడు. మా వాడి ఏడుపు ఆ కుర్రాడి కోసం.

అమెరికా ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసిరే ఆట అది. విసిరేవాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. టీమ్‌కు దిల్, దిమాగ్ రెండూ అతనే. అతను బాగుంటే పదేళ్లపాటు టీమ్ నసీబ్ తిరిగిపోతుంది. అలాంటి కుర్రాళ్లు కాలేజీల నుంచి వస్తారు. ఎవరిని ఎవరు తీసుకోవాలో ప్రతి ఏటా వరస పెట్టి తేలుస్తారు. దాని పేరు డ్రాఫ్ట్. అందులో కానూన్ ఒక్కటే: నిరుడు అందరికంటే అధ్వాన్నంగా ఆడినవాడు ముందు ఎంచుకుంటాడు. గెలిచినవాడు ఆఖర్న.

చూడ్డానికి ఇన్సాఫ్ లాగే ఉంది. బలహీనుడికి చెయ్యందించడం మంచిదే కదా. కానీ కానూన్ రాసినవాడి నీయత్ ఒకటి, దాన్ని వాడుకునేవాడి నీయత్ ఇంకొకటి.

దీన్ని రాయించినవాడు బర్ట్ బెల్. ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు మాలిక్. డబ్బున్న టీమ్‌లు మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోతుంటే 1935లో మిగతా మాలిక్‌లను కూర్చోబెట్టి ఈ తరీఖాకు ఒప్పించాడు. ఆ సంవత్సరం ఈగల్స్ 2 గెలిచి 9 ఓడింది, కాబట్టి 1936 ఫిబ్రవరిలో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొదటి వంతు బెల్‌దే. షికాగో యూనివర్సిటీ కుర్రాడు జే బర్వాంగర్‌ను ఎంచుకున్నాడు. కాలేజీ ఆటలో ఆ ఏడాది అతన్ని మించినవాడు లేడు. జీతం దగ్గర బేరం కుదరలేదు. బెల్ ఆ హక్కును షికాగో బేర్స్‌కు ఇచ్చేశాడు, వాళ్లతోనూ కుదరలేదు. బర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వ్యాపారం చూసుకున్నాడు. 1936లో ఈగల్స్ 1 గెలిచి 11 ఓడింది! ఓడినవాడికి ఇచ్చిన మొట్టమొదటి తోఫా హాల్ ఇదీ.

మరి తర్వాత ఎవరికైనా ఫాయిదా జరిగిందా అంటే, జరిగింది. 1997లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ 3 గెలిచి 13 ఓడి, మొదటి వంతులో పేటన్ మానింగ్‌ను తెచ్చుకుంది. మానింగ్ వచ్చిన మొదటి ఏడాది కూడా అదే లెక్క, 3 గెలుపులు, 13 ఓటములు. ఆ తర్వాత అతను ఆ టీమ్‌ను ఎక్కడికో తీసుకెళ్లాడు, 2006 సీజన్‌లో కప్పు తెచ్చాడు. అదే డ్రాఫ్ట్‌లో రెండో వంతు కోసం శాన్ డియాగో టీమ్ ఎదురిచ్చి మరీ ర్యాన్ లీఫ్‌ను తెచ్చుకుంది. మానింగా, లీఫా అని అప్పట్లో పెద్ద బహసే నడిచింది. లీఫ్ కొన్నేళ్లలోనే ఆట నుంచి మాయమయ్యాడు. 2000 డ్రాఫ్ట్‌లో 198 మందిని తీసుకున్నాక, 199వ పేరుగా ఒక క్వార్టర్‌బ్యాక్‌ను పిలిచారు. టామ్ బ్రాడీ. ఏడు కప్పులు.

2011లో మానింగ్ మెడకు ఆపరేషన్ జరిగి ఆడలేకపోతే అదే కోల్ట్స్ 2 గెలిచి 14 ఓడింది. ఆండ్రూ లక్ వస్తాడని అభిమానులే ఓటమి కోసం ఆశపడ్డారు. లక్ వచ్చాడు, బాగానే ఆడాడు, దెబ్బల మీద దెబ్బలు తిని 2019లో 29 ఏళ్లకే మానేశాడు. కప్పు రాలేదు. ఇక మా భాంజా జెట్స్ రెండో వంతులో జాక్ విల్సన్‌ను తీసుకుంది. మూడేళ్లు ఆడించి 2024లో డెన్వర్‌కు పంపించేసింది.

రిచర్డ్ థేలర్ అని ఎకనామిక్స్‌లో నోబెల్ తీసుకున్న పెద్దాయన, కేడ్ మాసీ అనే ఇంకొకాయనతో కలిసి ఏళ్ల డ్రాఫ్ట్ హిసాబ్ అంతా తీసి చూశాడు. వాళ్లు తేల్చింది ఏమిటంటే, మొదటి వంతుకు టీమ్‌లు ఇచ్చే ఖీమత్ దాని అసలు విలువ కంటే బాగా ఎక్కువ. ఎవడు మానింగ్ అవుతాడో, ఎవడు లీఫ్ అవుతాడో ముందే చెప్పగలమని ప్రతి మాలిక్ అనుకుంటాడు. చెప్పలేడు.

నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఇంకొకటి. ఓడితే తోఫా ఎవరికి వస్తుంది? మాలిక్‌కు. ఓడే పని ఎవరు చెయ్యాలి? ఆటగాడు, కోచ్. ఆ ఓటమికి కోచ్ నౌకరీ పోతుంది, ఆటగాడి కాంట్రాక్ట్ పోతుంది. పైగా వచ్చే కొత్త కుర్రాడు కూర్చునేది ఇప్పుడున్నవాడి కుర్చీలోనే. తన కుర్చీ పోగొట్టుకోవడానికి ఎవడు మేహనత్ చేస్తాడు? అందుకే జెట్స్ ఆటగాళ్లు 13 ఓటముల తర్వాత కూడా గెలవడానికే దిగారు. రెండు గెలిచినా వాళ్ల కోచ్‌ను సీజన్ అయిపోగానే పంపించేశారు, అది వేరే సంగతి. మియామీ టీమ్ కోచ్‌గా చేసిన బ్రయన్ ఫ్లోరెస్, 2019లో ఒక్కో ఓటమికి లక్ష డాలర్లు ఇస్తానని మాలిక్ అన్నాడని 2022లో దావా వేశాడు. మాలిక్ అబద్ధమన్నాడు. లీగ్ తఫ్తీషు చేయించి, టీమ్ కావాలని ఓడలేదని తేల్చింది. కానీ గెలుపోటముల కంటే డ్రాఫ్ట్‌లో వంతే ముఖ్యమని మాలిక్ మాట్లాడిన సందర్భాలు ఉన్నాయని కూడా చెప్పింది. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుని చదవండి.

మా ఒంగోలు వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు తెలుసు, గిత్తకు ఓడిపోవాలన్న నీయత్ ఉండదు. ఉంటే గింటే దాన్ని తోలేవాడికే ఉండాలి.

మన దగ్గర డ్రాఫ్ట్ లేదు. క్రికెట్ ఐపీఎల్, ప్రో కబడ్డీ రెండూ నీలాం మీద నడుస్తాయి. ఎవరు ఖర్చు పెట్టుకోవాల్సింది వాళ్లే పెట్టుకోవాలి, ఆఖర్న ఉన్నందుకు ముందు వంతు ఎవరూ ఇవ్వరు. హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ 2008లో 14 మ్యాచ్‌ల్లో 2 గెలిచి ఎనిమిది టీమ్‌లలో ఆఖర్న ఉంది. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో, 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరు మీద 6 పరుగులతో కప్పు గెలిచింది. గిల్‌క్రిస్ట్ ఓడిన ఏడాదిలోనూ ఆ టీమ్‌లోనే ఉన్నాడు! ఇటు మన తెలుగు టైటాన్స్ కబడ్డీలో పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైనే పెట్టి కొన్నది. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో 2 గెలిచి ఆఖర్నే నిలిచింది.

నీలామూ లేని రోజుల్లో ఆటగాడు ఎలా దొరికాడో చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీ దాకా వెళ్లాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ స్కూలు మాస్టరు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ను ఆయన తయారు చేస్తే, అది 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. పిల్లలకు ఎడమకాలితోనే ఆడాలనో, డ్రిబ్లింగ్ చెయ్యకూడదనో షరతు పెట్టి టోర్నమెంట్లు నడిపేవారు. ఎక్కడ కసర్ ఉందో అక్కడే పని. అమ్ముగూడ నుంచి వచ్చే తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రాడికి ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ కిరాయి తనే ఇచ్చారు. ఆ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన టీమ్‌లో, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిన టీమ్‌లో ఆడాడు. రెండు టీమ్‌లకూ రహీమ్ సాబే కోచ్. జకార్తా నాటికే ఆయనకు కేన్సర్. 1963 జూన్‌లో ఇంతఖాల్ అయ్యారు. ఓడిపోతే మంచి కుర్రాడు వస్తాడని ఆయనతో ఎవరైనా అని ఉంటే ఏమనేవారో నేను ఊహించుకుని నవ్వుకుంటూ ఉంటాను.

అదే షహర్‌లో ఇంకో ఉస్తాద్, బ్యాడ్మింటన్‌లో. సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ సాబ్. పుల్లెల గోపీచంద్ ఆయన శాగిర్దే. గుత్తా జ్వాల చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఓడాలన్న నీయత్ అనే ఈ మర్జ్ అమెరికాలోనే ఉండిపోలేదు. అది మన జ్వాల దాకా వచ్చి తగిలింది.

2012 లండన్ ఒలింపిక్స్. ఆడవాళ్ల డబుల్స్‌లో మొదటిసారి గ్రూపులు పెట్టారు. గ్రూపులో ఓడినా బయటికి పోరు, రెండో స్థానంలో ఉన్నా క్వార్టర్ ఫైనల్ ఆడొచ్చు. మొదటి స్థానంలో ఉంటే ఎవరు తగులుతారు, రెండులో ఉంటే ఎవరు తగులుతారు అన్నది ముందే చూసుకోవచ్చు. అక్కడే షైతాన్ దూరాడు.

జూలై 31. చైనాలో ఒక జోడీ అప్పటికే డెన్మార్క్ చేతిలో ఓడి తన గ్రూపులో రెండో స్థానానికి పడిపోయింది. ఇంకో చైనా జోడీ, నంబర్ వన్ సీడ్ యూ యాంగ్, వాంగ్ షియావొలీ, తమ గ్రూపులో గెలిస్తే ఫైనల్ కంటే ముందే సొంత దేశం జోడీతో తలపడాలి. ఓడితే ఆ బాధ లేదు. ఎదురుగా ఉన్న కొరియా జోడీ హిసాబ్ కూడా అలాగే ఉంది. వెంబ్లీ హాల్లో సర్వీసులు నెట్‌లోకి కొట్టడం మొదలైంది. వచ్చిన షటిల్‌ను కావాలని బయటికి కొట్టారు. టికెట్ కొనుక్కుని వచ్చిన జనం గోల పెట్టారు. కాసేపటికి ఇంకో కోర్టులో ఇంకో కొరియా జోడీ, ఇండోనేషియా జోడీ అదే తమాషా చేశారు. మర్నాడు నాలుగు జోడీలనూ, ఎనిమిది మందినీ పోటీ నుంచి బహిష్కరించారు. కట్టిన నేరం ఏమిటంటే, గెలవడానికి శాయశక్తులా ప్రయత్నించకపోవడం.

జ్వాల, అశ్విని పొన్నప్పల గ్రూపులో జపాన్, తైపీ, సింగపూర్ ఉన్నాయి. మనవాళ్లు మొదటి మ్యాచ్ జపాన్‌తో ఓడారు. తర్వాత మూడు గేముల పోరాటంలో తైపీని ఓడించారు. సింగపూర్ మీద కూడా గెలిచారు. ఇంతలో జపాన్ జోడీ తైపీ చేతిలో వరస గేముల్లో ఓడిపోయింది. మూడు జోడీలకూ రెండేసి గెలుపులు. లెక్క గేములకు, ఆపై పాయింట్లకు వెళ్లింది. ఒక్క పాయింట్ తేడాతో మనవాళ్లు బయటికి వచ్చేశారు. జపాన్-తైపీ మ్యాచ్ మీద మన దేశం షికాయత్ ఇచ్చింది. ఒప్పుకోలేదు. జపాన్ జోడీ మీద ఏ నేరమూ మోపలేదు కాబట్టి వాళ్లు కావాలని ఓడారని నేను రాయను, రాయకూడదు. కానీ కానూనే ఓటమికి ఫాయిదా పెట్టాక, నిజంగా ఓడినవాళ్ల మీద కూడా షక్ పడుతుంది. ఆ నుక్సాన్ కూడా లెక్కలో వేసుకోవాలి.

అదే జూలై 31న కార్డిఫ్‌లో జపాన్ ఆడవాళ్ల ఫుట్‌బాల్ టీమ్ దక్షిణాఫ్రికాతో 0-0గా ముగించింది. గెలిస్తే తర్వాతి మ్యాచ్‌కు గ్లాస్గో దాకా వెళ్లాలి, డ్రా అయితే అక్కడే ఉండిపోవచ్చు. గోల్ కొట్టవద్దని నేనే చెప్పానని కోచ్ ససాకీ బాహాటంగా అన్నాడు. సజా ఏమీ పడలేదు. అది డ్రా కదా, ఓటమి కాదు కదా! ఆ టీమ్ వెండి పతకం తీసుకుని ఇంటికెళ్లింది.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు 1982 గుర్తుండే ఉంటుంది. స్పెయిన్ వరల్డ్ కప్‌లో అల్జీరియా 2-1తో పశ్చిమ జర్మనీని ఓడించి లోకాన్ని హైరాన్ చేసింది. ఆ గ్రూపులో ఆఖరి మ్యాచ్ జూన్ 25న జర్మనీ, ఆస్ట్రియా మధ్య. అల్జీరియా ఆట ముందు రోజే అయిపోయింది, కాబట్టి ఎంత తేడాతో జర్మనీ గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారో ఇద్దరికీ తెలుసు. జర్మనీ పదో నిమిషంలో గోల్ కొట్టింది. మిగతా ఎనభై నిమిషాలు బంతిని అటూ ఇటూ తోసుకున్నారు. అల్జీరియా ఇంటికి. స్కోర్ మార్చలేదు, ఎవరినీ పంపించలేదు. తర్వాతి వరల్డ్ కప్ నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి పెట్టారు. బ్యాడ్మింటన్ వాళ్లూ లండన్ తర్వాత కానూన్ మార్చి, రెండో స్థానంలో వచ్చినవాళ్లకు ఎవరు ఎదురు పడాలో మళ్లీ చీటీ తీసి తేల్చడం పెట్టారు. అమెరికా బాస్కెట్‌బాల్ 1985లోనే డ్రాఫ్ట్‌కు లాటరీ పెట్టుకుంది. ఫుట్‌బాల్ వాళ్లు ఇప్పటికీ పెట్టలేదు.

లండన్‌లో బద్నామ్ అయింది ఎవరు? చైనా కోచ్ లీ యోంగ్‌బో టీవీలో మాఫీ అడిగాడు, బంగారం మాత్రం రెండో చైనా జోడీ తెచ్చిపెట్టింది. యూ యాంగ్ ఆట మానేస్తున్నానని రాసింది, తర్వాత తిరిగొచ్చింది. ఇండోనేషియా అమ్మాయి గ్రేసియా పోలీ ఆ రోజు బహిష్కరించిన ఎనిమిది మందిలో ఒకతె. తొమ్మిదేళ్లు ఆగింది. టోక్యోలో, 2021 ఆగస్టు 2న, అప్రియానీ రహాయుతో కలిసి చైనా జోడీని ఓడించి బంగారం గెలిచింది. ఆమె అప్పటికి 33 ఏళ్లది.

జ్వాల, అశ్వినిలకు అలాంటి రోజు రాలేదు. లండన్‌కు ఏడాది ముందు, 2011లో, అదే వెంబ్లీ హాల్లో వాళ్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్ కంచు పతకం గెలిచారు. 2016లో రియో ఒలింపిక్స్‌కు కూడా కలిసే వెళ్లారు. గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఆడారు, మూడూ ఓడారు. ఆ మూడింటి మీద ఎవరూ షికాయత్ ఇవ్వలేదు.