ఒక సకారం చరిత్ర

వ్యాకరణం వర్గాలకు అతీతమైనదని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. వస్తువు గురించీ శిల్పం గురించీ వర్గదృష్టితో చర్చించే విమర్శకులు కూడా, కర్తకూ క్రియకూ ఉండవలసిన పొందిక దగ్గరకు వచ్చేసరికి, అది ఉత్త నియమమనీ, తెలిసినవాడు ఒప్పు రాస్తాడు, తెలియనివాడు తప్పు రాస్తాడనీ వదిలేస్తారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒక విద్యార్థి జవాబుపత్రం నా అభిప్రాయాన్ని మార్చింది.

ఆ కుర్రవాడి తండ్రి బీహారులోని గయ ప్రాంతం నుంచి రైసుమిల్లులో హమాలీ పనికి వచ్చాడు. కుర్రవాడు ఎనిమిదో తరగతిలో చేరాడు. ఇంగ్లీషు పరీక్షలో తండ్రి గురించి పది వాక్యాలు రాయమంటే, ‘మై ఫాదర్ ఆర్ వర్క్ ఇన్ రైస్ మిల్’ అని మొదలుపెట్టాడు. పదింటిలో తొమ్మిది వాక్యాల కింద ఎర్రగీత పడింది. ‘కర్త ఏదో క్రియ ఏదో తెలియనివాడికి ఇంగ్లీషు ఎలా వస్తుంది?’ అన్నారు ఉపాధ్యాయుల గదిలో. తెలుగు చెప్పుకునేవాణ్ణి గనక నేను మాట్లాడలేదు. కాని ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చూసిన మీదట, కర్తాక్రియల సంబంధం ఆ పిల్లవాడికి మనకన్నా ఎక్కువే తెలుసునని నాకు అర్థమయింది.

హిందీ సంగతి చూడండి. లడ్కా జాతా హై, లడ్కీ జాతీ హై, లడ్కే జాతే హైఁ. లింగం మారితే క్రియ మారుతుంది, వచనం మారినా మారుతుంది. భూతకాలంలో సకర్మక క్రియ వస్తే వ్యవహారమే తలకిందులవుతుంది. కర్త పక్కన ‘నే’ చేరుతుంది. క్రియ కర్తను విడిచి కర్మ వెంట నడుస్తుంది. రామ్ నే రోటీ ఖాయీ, సీతా నే ఆమ్ ఖాయా. తిన్నది రాముడే అయినా రొట్టె స్త్రీలింగం గనక క్రియ కూడా స్త్రీలింగమే. సంస్కృతం చదివినవారికి ఇందులో వింత లేదు. ‘రామేణ ఫలం ఖాదితమ్’ వంటి ప్రయోగం ప్రాకృత, అపభ్రంశాల మీదుగా నడిచివచ్చి హిందీలో మామూలు భూతకాలంగా స్థిరపడింది. మన పిల్లలు హిందీ పరీక్షలో ‘మైఁనే రోటీ ఖాయా’ అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. తెలుగు క్రియకు కర్మ వెంట నడిచే అలవాటు లేదు.

హిందీలో మరొక మర్యాద ఉంది. ‘పితాజీ ఆయే హైఁ.’ తండ్రి ఒక్కడే, క్రియ మాత్రం బహువచనం. ‘నాన్నగారు వచ్చారు’ అని మనమూ అంటాం. ‘హై’ అంటే ‘ఈజ్’, ‘హైఁ’ అంటే ‘ఆర్’ అని బడిలో చెప్పారు. వర్తమానకాలంలో హిందీ వాక్యం ఆ సహాయక క్రియతోనే ముగుస్తుంది. కనుక ‘ఫాదర్ ఆర్ వర్క్’ అన్న పిల్లవాడు కర్తను గుర్తించాడు, క్రియను దానికి పొందించాడు, తండ్రిని గౌరవించాడు. పైన నేను వ్యాకరణ దోషం లేని తెలుగులో అదే మనిషిని ‘వచ్చాడు’ అని రాశాను. ఇద్దరిలో ఎవరి వాక్యానికి ఎర్రగీత పడాలో పాఠకులే నిర్ణయించవచ్చు.

అసలు అతని ఇంటిభాష హిందీ కూడా కాదు, మగహీ. అందులో ‘నే’ లేదు. అక్కడ క్రియ కర్త పట్ల గౌరవాన్నే కాక, కొన్ని రూపాలలో కర్మ పట్ల గౌరవాన్ని కూడా చెబుతుంది. జనాభా లెక్కలలో హిందీ కింద కలిపేసిన భాషలలో అదొకటి. అంటే ఆ పిల్లవాడు ఇంగ్లీషు వాకిలి దగ్గరకు రాకముందే, ప్రామాణిక హిందీ అనే వాకిలి ఒకటి దాటి వచ్చాడు.

ఇక ఇంగ్లీషు సంగతి. ఈనాడు వర్తమానకాలంలో మామూలు క్రియకు మిగిలిన ప్రత్యయం ఒక్కటే: ప్రథమ పురుష ఏకవచనానికి చేరే సకారం. ఐ గో, యు గో, దే గో. హి మాత్రం గోస్. నామవాచకానికి బహువచనాన్ని తెచ్చే సకారమే క్రియకు ఏకవచనాన్ని తెస్తున్నది. దీనికి తర్కం లేదు, చరిత్ర ఉన్నది. పాత ఇంగ్లీషులో పురుషకూ వచనానికీ వేరువేరు ప్రత్యయాలు ఉండేవి. దక్షిణ ప్రాంతంలో ప్రథమ పురుషకు ‘ఎత్’ వంటి ప్రత్యయం ఉంటే, ఉత్తరాన నార్తంబ్రియాలో 10వ శతాబ్దినాటి సువార్త వ్యాఖ్యల్లోనే సకారం కనిపిస్తుంది. 14వ శతాబ్ది చివర లండన్ కవి చాసర్ తన ‘రీవ్స్ టేల్’లో ఇద్దరు ఉత్తరాది విద్యార్థుల నోట ఈ సకారాన్ని పలికించాడు. అది వారి యాసకు గుర్తు. ఆ యాస నెమ్మదిగా రాజధానికి ఎక్కింది. షేక్స్‌పియర్‌లో రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్నాయి. 1611 నాటి బైబిలు అనువాదం పాత ‘ఎత్’నే పట్టుకుని కూర్చున్నది. మిగిలిన ప్రత్యయాలు అరిగిపోయాయి. ఒకనాడు నవ్వులకు వాడిన పల్లెటూరి సకారమే ఈనాడు చదువుకు కొలబద్ద అయింది.

‘యు ఆర్’ కథ ఇంకా విచిత్రం. ఒక్కరిని ఉద్దేశించడానికి ‘దౌ’ ఉండేది. గౌరవం కోసం పెద్దవారిని బహువచనంలో ‘యు’ అని పిలవటం మొదలుపెట్టారు. క్రమంగా అదే అందరికీ దక్కింది. కాబట్టి ఒక్క మనిషిని ‘యు ఆర్’ అంటున్నామంటే, ‘ఆప్ హైఁ’ అన్న మర్యాదనే ఇంగ్లీషులో పలుకుతున్నాం. 18వ శతాబ్దిలో ‘ఒక్కరే గనక యు వాజ్ అందాం’ అన్నట్టుగా చాలామంది వాడితే, రాబర్ట్ లౌత్ 1762లో తన వ్యాకరణంలో దాన్ని తప్పుపట్టాడు. ఆయన తరువాత లండన్ బిషప్ అయ్యాడు. వ్యాపారాలతో ఎదుగుతున్న మధ్యతరగతి ఆనాడు పెద్దమనుషుల భాష కోసం వెతుక్కుంటున్నది. ఇలాంటి పుస్తకాలు దాని చేతికి అందాయి.

పాలకుల గడ్డ మీద మాత్రం అందరూ ఆ సకారాన్ని పలుకుతున్నారా? నార్విచ్ నగర భాషను పరిశీలించి పీటర్ ట్రడ్‌గిల్ 1974లో గ్రంథం ప్రకటించాడు. ఆయన లెక్కలో పై మెట్టు మధ్యతరగతి వారు సకారాన్ని ఒక్కసారీ వదలలేదు. అట్టడుగు కార్మికులు 97 శాతం సందర్భాలలో వదిలేశారు. ఆ కార్మికుడికి ఇంగ్లీషు రాదని ఎవరనగలరు? అది అతని తల్లిభాష. కొలిచినది భాషాజ్ఞానాన్ని కాదు, వర్గాన్ని.

ఈ కొలబద్ద మన దేశానికి ఉద్యోగంతోపాటు వచ్చింది. 1835లో మెకాలే నివేదిక. 1844లో సర్కారు కొలువులలో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యమిస్తూ హార్డింజ్ తీర్మానం. 1857లో మూడు విశ్వవిద్యాలయాలు. 1890లలో తరగతి గదులకు నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు వచ్చాయి. ఈ నెస్‌ఫీల్డ్ హిందీ ప్రాంతమైన వాయవ్య రాష్ట్రాలు, అవధ్‌లో విద్యాశాఖకు అధిపతిగా పనిచేసినవాడు. అదే ప్రాంతపు కులవ్యవస్థకు వృత్తే మూలమని వాదిస్తూ 1885లో ఒక పుస్తకం రాసినదీ ఆయనే. మనుషులను అరలలో సర్దిన చెయ్యీ వాక్యాలను సర్దిన చెయ్యీ ఒకటే కావటం కాకతాళీయం కావచ్చు. పరిపాలనకు రెండూ అవసరమయ్యాయన్నది మాత్రం కాకతాళీయం కాదు.

ఈ వాకిలిని బద్దలు కొట్టాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. 1967లో బీహారులో ఏర్పడిన కాంగ్రెసేతర ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రిగా, విద్యామంత్రిగా ఉన్న కర్పూరీ ఠాకూర్, మెట్రిక్యులేషన్‌లో ఇంగ్లీషు ఉత్తీర్ణత తప్పనిసరి కాదన్నారు. ఆయన మంగలి కులంలో పుట్టినవారు. ఇంగ్లీషు ఒక్కటే తప్పి చదువు ఆగిపోతున్న పేద పిల్లలకు ఆ నిర్ణయంతో దారి దొరికింది. పైకులాల వారు మాత్రం అలా గట్టెక్కినవారిని ‘కర్పూరీ డివిజన్’ అని వెక్కిరించారు. 2024లో ఆయనకు మరణానంతరం భారతరత్న ఇచ్చారు గాని, ఆ వెక్కిరింత వెనక ఉన్న ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. పరీక్షలో తీసివేసిన వాకిలి ఉద్యోగం దగ్గర అలాగే ఉండిపోయింది. కలిగినవారి పిల్లలు కాన్వెంట్లలో సకారం నేర్చుకుంటూనే ఉన్నారు. వాకిలి నిలిచి ఉన్నంతకాలం, పేదవాడికి తాళంచెవి అక్కరలేదనటం అతన్ని బయటే ఉంచటమవుతుంది. ఈ మాట కర్పూరీ ఠాకూర్‌ని తక్కువ చేయటానికి కాదు. ఆయన మొదలుపెట్టిన పని సగంలో ఆగిందని చెప్పటానికి.

కనుక సకారాన్ని నేర్పవద్దని నేను అనను. నేర్పే తీరు మారాలంటాను. ‘నీ భాషలో క్రియ తండ్రిని గౌరవిస్తుంది, ఇంగ్లీషులో ఆ గౌరవం యు దగ్గర ఆగిపోయింది, నీ భాషలో సహాయక క్రియ ఉన్నచోట ఇంగ్లీషు ఒక్క సకారంతో సరిపెట్టుకుంటుంది’ అని చెబితే, తన వాక్యం ఎక్కడ దారి తప్పిందో పిల్లవాడికి తెలుస్తుంది. తాను తెలివితక్కువవాణ్ణని మాత్రం అనుకోడు. ఆ కుర్రవాడితో నేను ఈ మాటే చెప్పి చూశాను. అతను కాసేపు ఆలోచించి, ‘అయితే నాన్నకు వర్క్స్, మీకు వర్క్. నాన్నకి ఎక్స్‌ట్రా ఉంది’ అని నవ్వాడు. ఆ తరువాత సకారం మరిచిపోలేదని చెప్పను, కాని కాగితం దాచుకోవటం మానేశాడు.

పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణ గ్రంథం 1931లో వెలువరించారు. గ్రాంథికవాదుల ఎర్రగీతలతో పోరాడినదీ ఆయనే. ఆ రెండు పనులూ ఒకే పని అని గుర్తించలేకపోతే, వ్యావహారిక భాషోద్యమ వారసులమని చెప్పుకునే హక్కు మనకు ఉండదు.